పార ఎవరి చేతికిచ్చారు?

కిందటి దండారి రోజుల్లో మా ఊరికి కాలేజీ పిల్లలు చాలామంది వచ్చారు. ఆదిలాబాద్, మంచిర్యాల, హైదరాబాద్ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవాళ్ళు. వాళ్ళలో సగం మంది నా దగ్గర చదివినవాళ్ళే. ఒక రాత్రి గుస్సాడీ ఆట ముగిశాక మంట చుట్టూ కూర్చున్నాం. మాటల్లో మాటగా ఒక సంగతి అడిగాను. మన ఆశ్రమ ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు వ్యవసాయం ఒక వృత్తివిద్య సబ్జెక్టుగా అడిగి తెచ్చుకుంటే ఎట్లుంటుంది?

ఒక్కరు కూడా మంచిదే అనలేదు. కాసేపటికి డిగ్రీ రెండో సంవత్సరం అబ్బాయి అన్నాడు: "మా అవ్వా బాపు ఎండల సచ్చేది సాలదా సార్? బడిల గూడ మళ్ల గదే నేర్పుతరా?" నర్సింగ్ చదివే అమ్మాయి అందుకుంది: "పట్నం బడులల్ల పిల్లలకు కంప్యూటర్ కోడింగ్ నేర్పుతుండ్రు. మాకేమో కలుపు తీసుడు." అంతవరకు మాట్లాడని ఇంకో అమ్మాయి చివరికి ఒక మాటంది: "పెడితే అందరికీ పెట్టాలె సార్. హైదరాబాద్ పిల్లలకు గూడ పెట్టాలె."

పక్కనే ఉన్న ఊరి పెద్దమనిషికి కోపం వచ్చింది. చదువుకున్నోళ్ళు మట్టిని మరిచిపోయారని గొణుక్కుంటూ లేచి వెళ్ళాడు. ఆయన కోపం నాకు అర్థమైంది. కానీ పిల్లలను తప్పుపట్టలేకపోయాను. మొదట పనిలో పడేసేవాళ్ళు, తర్వాత చదువు చెప్పేవాళ్ళు - అట్లాంటి బడిలోనే నేనూ పెరిగాను. ఈ పిల్లలు మట్టిని కాదనడం లేదు. బడి మట్టిని తమ చేతికిచ్చిన తీరును కాదంటున్నారు. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే కొంత చరిత్ర చూడాలి.

బడి కంటే ముందు

మన దగ్గర వ్యవసాయ విద్య బడితో మొదలు కాలేదు. వానాకాలం ముందు మొహతుక్ చేసి, విత్తనాలు దేవుని ముందు పెట్టి, ఊరంతా కలిసి విత్తే రోజు నిర్ణయించుకునేవాళ్ళం. ఏ జొన్న ఏ నేలకు పడుతుంది, కందిని దేని నడుమ వేయాలి, సామలు ఏ గుట్టవాలులో పండుతాయి - ఇవి తండ్రి వెనక నడుస్తూ, తల్లి పక్కన కూర్చుని నేర్చుకున్న చదువులు. విత్తనం దాచడం ఎక్కువగా ఆడవాళ్ళ విద్య. బూడిద కలిపి, వేపాకు వేసి, గుమ్మిలో ఏడాదంతా పురుగు పట్టకుండా కాపాడేవాళ్ళు. ఈ చదువుకు పరీక్ష లేదు. పంటే పరీక్ష.

ఈ చదువు మన పొట్ట నింపింది. కానీ మన భూమిని కాపాడలేకపోయింది. ఎందుకంటే భూమి పోయింది పొలంలో కాదు, కాగితం మీద. నిజాం కాలంలో రిజర్వు అడవి గీతలు గీసినప్పుడు, పోడు చేసుకునే ఊళ్ళను ఖాళీ చేయించినప్పుడు, ఆ గీతలు ఏ కాగితంలో ఉన్నాయో మన పెద్దలకు చదవరాదు. షావుకారు పద్దులో వేలిముద్ర ఎక్కడ వేశారో, దాని పైన ఏం రాసి ఉందో తెలియదు. కుమ్రం భీం పోరాటం ఈ అన్యాయం మీదనే. 1940లో జోడేఘాట్‌లో ఆయన, ఆయన సహచరులు ప్రాణాలిచ్చారు.

ఆ తర్వాతనే నిజాం ప్రభుత్వం కళ్ళు తెరిచింది. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండుల బతుకును పరిశీలించాడు. ఆయన ముందుపెట్టిన పనుల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి భూమికి పట్టాలు, రెండోది బడి. 1943లో మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. నాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. అదే దశాబ్దంలో లావణి పట్టాల కింద ఆదిలాబాద్ జిల్లాలో ఆదివాసులకు లక్ష ఎకరాలకు పైగా భూమి దక్కింది.

మన టీచర్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మన ప్రాంతంలో బడీ పట్టా ఒకే పోరాటానికి పుట్టిన కవలలు. పిల్లవాడిని రైతుగా మార్చడానికి కాదు ఆనాడు బడి పెట్టింది. వాడు అప్పటికే రైతు. రైతు బిడ్డ తన పట్టా తాను చదువుకోవాలని, అధికారితో తన మాట తాను చెప్పుకోవాలని పెట్టారు. తర్వాత ప్రభుత్వాలు మారాయి, గోండి వాచకాలు పక్కకు పోయాయి, తెలుగు పుస్తకాలు వచ్చాయి. బడికీ భూమికీ ఉన్న ఆ బంధం కూడా మెల్లగా తెగిపోయింది.

బడిలో పని: మూడు ఆలోచనలు

బడిలో వ్యవసాయం ఉండాలన్న కోరిక పాతది. మన పొరుగున మరాఠీ నేల మీద జ్యోతిరావు ఫూలే 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞాపనలో, ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కలతో పాటు వ్యవసాయం గురించి ప్రాథమిక జ్ఞానం కూడా చెప్పాలని కోరాడు. ఆ మరుసటి ఏడాది రాసిన 'రైతు కొరడా' పుస్తకంలో చదువురాని రైతు గుమాస్తాల చేతిలో, షావుకార్ల చేతిలో ఎట్లా మోసపోతాడో వివరించాడు. ఫూలే అడిగిన వ్యవసాయ చదువు లెక్కలను వదిలిపెట్టిన చదువు కాదు. రెండూ కలిసే రావాలన్నాడు.

రెండో ఆలోచన గాంధీది. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సభ, ఆ వెంటనే జాకీర్ హుస్సేన్ కమిటీ కలిసి ప్రాథమిక విద్యకు కొత్త రూపం ఇచ్చాయి. ఏడేళ్ళ చదువు, మాతృభాషలో బోధన, ఒక చేతిపని చుట్టూ మిగతా పాఠాలు. ఆ చేతిపనుల్లో నూలు వడకడం, వడ్రంగం, వ్యవసాయం ఉన్నాయి. పిల్లలు చేసిన వస్తువులు అమ్మితే వచ్చే డబ్బు టీచరు జీతానికి పనికిరావాలన్న మాట కూడా ఉంది. దాని మీద ఆనాడే అభ్యంతరాలు వచ్చాయి. బడి కాస్తా పనిపాక అవుతుందేమోనన్న భయం అది. ఆలోచన మంచిదే. చేతితో పనిచేసేవాడు తక్కువ, కలం పట్టేవాడు ఎక్కువ అన్న భేదం పోవాలన్నది గాంధీ కోరిక. కానీ స్వాతంత్ర్యం వచ్చాక పట్టణాల్లో ఉన్నవాళ్ళు తమ పిల్లలను ఈ బడులకు పంపలేదు. బేసిక్ బడి పల్లె పిల్లలకు, ఇంగ్లీషు బడి పట్నం పిల్లలకు అన్నట్టు తయారైంది. భేదం పోగొట్టాల్సిన పథకమే భేదానికి గుర్తయింది.

మూడోది కొఠారీ కమిషన్ ఆలోచన. 1964 నుంచి 1966 వరకు పనిచేసిన ఈ కమిషన్ బడిలో 'పని అనుభవం' పిల్లలందరికీ ఉండాలని చెప్పింది. చిన్న వయసులోనే వేరుచేసి వ్యవసాయ హైస్కూళ్ళలో వేసే పద్ధతి ఫలించలేదని, వ్యవసాయాన్ని వృత్తిగా నేర్పే పని పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లు చేయాలని కూడా చెప్పింది. ఇప్పుడు మన పిల్లలు పది పాసయ్యాక చేరే రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా అదే దారిలో వచ్చిందే. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ఈ 'పని అనుభవాన్ని' ఇంకో పేరుతో ముందుకు తెచ్చింది. ఎస్.యు.పి.డబ్ల్యు. అన్న ఆ నాలుగు అక్షరాలు నా వయసు టీచర్లందరికీ గుర్తుంటాయి. సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అని దాని అర్థం.

టైంటేబుల్‌లో ఆ పీరియడ్

ఆశ్రమ పాఠశాల అన్న పేరులోనే పని ఉంది. ఠక్కర్ బాపా 1922లో భిల్ సేవా మండల్ పెట్టి గుజరాత్‌లో భిల్లు పిల్లల కోసం మొదలుపెట్టిన ఆశ్రమాల నుంచి ఈ నమూనా వచ్చింది. పిల్లలు బడిలోనే ఉండాలి, చదువుతో పాటు తోట, చేతిపని నేర్చుకోవాలి, టీచరు కూడా వాళ్ళతో కలిసి పనిచేయాలి. ఈ చివరి మాట ముఖ్యమైనది. టీచరు కూడా పార పట్టాలి.

నేను చదువుకున్న ఆశ్రమ పాఠశాల పేరు చెప్పను. 1990ల మాట. టైంటేబుల్‌లో ఎస్.యు.పి.డబ్ల్యు. పీరియడ్ ఉండేది. ఆ పీరియడ్‌లో మేము వంటచెరకు మోశాం, నీళ్ళు తెచ్చాం, బడి చుట్టూ గడ్డి పీకాం. బడి వెనక వంగతోట ఉండేది. దానికి నీళ్ళు పోసింది మేము, కలుపు తీసింది మేము. కాయలు మాత్రం మా పళ్ళెంలోకి రాలేదు. అవి ఎవరి ఇంటికి పోయేవో పిల్లలందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. లెక్కలు తప్పు చేస్తే బెత్తం, ఆలస్యంగా వస్తే పార. "పో, పోయి గుంత తవ్వు" అనేవాళ్ళు. అట్లా ఐదేళ్ళు పార అంటే శిక్ష అని నేర్చుకున్నాం. ఇంట్లో మా నాయిన నాగలి పట్టడం మాకెప్పుడూ శిక్షగా అనిపించలేదు. బడి దాన్ని శిక్షగా మార్చింది.

ఆ పీరియడ్‌లో వంగకు పుచ్చు ఎందుకు పడుతుందో ఎవరూ చెప్పలేదు. తవ్విన గుంత కొలిచి ఎన్ని తట్టల ఎరువు పడుతుందో లెక్క కట్టించలేదు. పరీక్షలో దానికి విలువైన మార్కులు లేవు. తర్వాత నేను టీచరునయ్యాక ఆ పీరియడ్ పేరు మారింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక 'పని - కంప్యూటర్ విద్య' అయింది. గ్రేడు రిజిస్టర్‌లో వేస్తాం. వేసే మాకు, చదివే పిల్లలకు, సంతకం పెట్టే తల్లిదండ్రులకు దాని విలువ ఎంతో తెలుసు. ఇప్పుడు 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఇచ్చి వృత్తులు పరిచయం చేయమంటోంది. తొమ్మిదో తరగతి నుంచి వృత్తివిద్య సబ్జెక్టుల్లో వ్యవసాయం కూడా ఉంది. కాగితం మీద అన్నీ బాగున్నాయి. కాగితం మీద 1937లోనూ బాగుంది, 1977లోనూ బాగుంది.

ఇది మన దేశంలో మాత్రమే జరిగిన కథ కాదు. ఆఫ్రికాలోని ఘనా వలస పాలనలో ఉన్నప్పుడు పాలకులు బడుల్లో వ్యవసాయం, చేతిపనులు పెట్టాలని పదేపదే ప్రయత్నించారు. అక్కడి తల్లిదండ్రులు, పిల్లలు ఒప్పుకోలేదు. జీతం వచ్చే ఉద్యోగాలు మామూలు చదువు చదివినవాళ్ళకే దొరుకుతుంటే, తమ పిల్లలకు మాత్రం పార ఎందుకని వాళ్ళు అడిగారు. ఫిలిప్ ఫాస్టర్ అనే పరిశోధకుడు 1965లో దీని గురించి రాస్తూ, పిల్లల ఆశలను పాఠ్యపుస్తకం నిర్ణయించదని, చదివాక బయట ఏ పనికి ఎంత ఆదాయం, ఎంత గౌరవం ఉందో అదే నిర్ణయిస్తుందని తేల్చాడు. మంట దగ్గర మా డిగ్రీ అబ్బాయి చెప్పింది కూడా అదే.

ఉద్యోగం, భూమి, నడుమ పిల్లలు

మన పిల్లలు ఉద్యోగం వైపే చూడడానికి ఇంకో కారణం ఉంది. చదువుకున్న ఆదివాసికి మన ప్రాంతంలో తెరిచి ఉన్న పెద్ద తలుపు టీచరు ఉద్యోగమే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3 వల్ల వందల ఇళ్ళలో దీపం వెలిగింది. నేను టీటీసీ చదివి ఈ ఉద్యోగంలోకి వచ్చింది ఆ దారినే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఇప్పుడు బీఎడ్ చేస్తున్న పిల్లలకు ఆ తలుపు ఇరుకైంది. దారి మూసుకుపోతున్న సమయంలో "వ్యవసాయం నేర్చుకోండి" అంటే, "ఉద్యోగాలు మీకు కావు, ఊళ్ళో ఉండండి" అన్నట్టు వాళ్ళకు వినిపిస్తుంది. మనం ఆ అర్థంతో అనకపోయినా సరే.

భూమి సంగతి కూడా తేలిక కాదు. 1959లో వచ్చి 1963లో తెలంగాణకు వర్తించిన భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. మనం 1/70 అని పిలుచుకునే చట్టం అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని అది చెప్పింది. అయినా కౌలు పేరుతో, అప్పు పేరుతో, బినామీ పేరుతో నల్లరేగడి మన చేతుల నుంచి జారిపోయింది. ఆ మంటే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో బయటపడింది. భూమి కోసం కూడినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. చట్టం ఉండి కూడా భూమి పోయిందంటే, చట్టాన్ని చదివి అడిగేవాళ్ళు ఊరిలో లేకపోవడం కూడా ఒక కారణం.

మంట దగ్గర కూర్చున్నవాళ్ళలో బైపీసీ చదివిన అమ్మాయి ఒకతె ఉంది. వ్యవసాయ బీఎస్సీ చదవాలని ఆమెకు కోరిక. రైతుల పిల్లలకు ఆ కోర్సులో కొన్ని సీట్లు కేటాయిస్తారు. దానికి భూమి కాగితం చూపాలి. వాళ్ళ కుటుంబం మూడు తరాలుగా దున్నుతున్నది పోడు భూమి. అప్పటికి కాగితం లేదు. "పుట్టిన్నుంచి పొలంలనే ఉన్న సార్. రైతు బిడ్డవు కాదన్నరు" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు మాట రాలేదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. తెలంగాణలో పోడు పట్టాలు పెద్దఎత్తున పంచింది 2023లో. ఈ నడుమ ఎంతమంది పిల్లలకు చదువుకునే వయసు దాటిపోయిందో ఆలోచించండి.

అప్పుడే నాకు తెలిసింది, పిల్లలందరి అభిప్రాయం ఒకటి కాదని. కొందరికి వ్యవసాయం అంటే అప్పు, పురుగుమందు డబ్బా. కొందరికి బడిలో పడిన శిక్ష. ఈ అమ్మాయికి మాత్రం అది అందని చదువు. మనం ముగ్గురినీ ఒకే మాటతో తిట్టి ఊరుకుంటున్నాం.

ఏం నేర్పితే వాళ్ళు కాదనరు?

ఆ రాత్రి నేను ఇంకో ప్రశ్న వేశాను. బడిలో ఉన్నప్పుడు ఏం నేర్పి ఉంటే ఇప్పుడు మీ ఇంటికి అక్కరకొచ్చేది? ఈసారి అందరూ ఒకేసారి మాట్లాడారు.

మొదటిది పత్తి లెక్క. ఆదిలాబాద్ నేలలో జొన్న పోయి పత్తి నిండింది. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి ధర. ఆపైన ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోస్తారు. 12 శాతం దాటితే సీసీఐ కొనదు. తేమ 11 శాతం ఉందనుకుందాం. మూడు శాతం కోత, అంటే క్వింటాలుకు 225 రూపాయల 63 పైసలు. పది క్వింటాళ్ళకు 2,256 రూపాయలు.  శాతాలు ఏడో తరగతి లెక్కే. కానీ మన పిల్లవాడు లాభనష్టాల లెక్కలో ఎవరో దుకాణదారు సైకిలు అమ్మితే ఎంత లాభమో కడతాడు. వాళ్ళ నాయిన మార్కెట్‌యార్డులో కాంటా ముందు నిలబడి తేమ ఎంత చూపిందో తెలియక వచ్చినంత తీసుకుని వస్తాడు.

రెండోది వడ్డీ. మృగశిరలో విత్తనాలకు పదివేలు అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆరు నెలలకు 1,800. వడ్డీ తీర్చలేక పంట ఆ షావుకారుకే అమ్మితే అతను చెప్పిందే ధర. మూడోది కాగితం: పట్టాదారు పాసుపుస్తకం, పోడు పట్టా, హద్దులు, సర్వే నంబరు, 1/70 ఏం చెబుతుంది, కౌలు రాసుకునేటప్పుడు ఏం చూడాలి. నాలుగోది విత్తన సంచి: దాని మీద ఏం రాసి ఉంది, గడువు ఎప్పటిదాకా, రసీదు ఎందుకు దాచుకోవాలి, మందు డబ్బా మీద ఎర్ర ముక్కోణం ఉంటే అర్థమేమిటి. ఐదోది చెప్పింది నర్సింగ్ అమ్మాయి: నాయనమ్మ దాచే జొన్న, కొర్ర, సామ విత్తనాలు ఎన్ని రకాలో, వాటి పేర్లేమిటో రాసి పెట్టించాలట. "నేను అడిగేసరికి ఆమె పోయింది సార్" అంది.

కోడింగ్ కావాలన్న అమ్మాయే ఈ మాట అంది.

ఈ ఐదింటిలో గుంత తవ్వడం ఎక్కడా లేదు చూడండి. ఇవన్నీ లెక్కలు, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం పాఠాల్లోకి రాగలవే. వ్యవసాయం వేరే సబ్జెక్టుగా వచ్చినా రాకపోయినా ఇవి చెప్పడానికి టీచరుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరి చేతులతో పని వద్దా? కావాలి. కానీ దానికి కొన్ని షరతులు ఉండాలి. టీచరు కూడా పిల్లలతో పాటు మట్టిలో దిగాలి. తోటలో కాసింది పిల్లల పళ్ళెంలోకి రావాలి, ఎంత కాసిందో గోడ మీద రాయాలి. తప్పు చేసినవాడికి పార ఇవ్వకూడదు, ఎప్పుడూ. మార్కులు నిజమైనవి కావాలి. విత్తనాల గురించి చెప్పడానికి ఊరి ముసలమ్మను పిలిస్తే ఆమెకు కుర్చీ వేయాలి. ఆసక్తి ఉన్నవాళ్ళకు పది తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్, ఇంటర్ తర్వాత వ్యవసాయ బీఎస్సీ ఉన్నాయని, ఏ కాగితాలు ఎప్పటికి సిద్ధం చేసుకోవాలో తొమ్మిదిలోనే చెప్పాలి. వ్యవసాయం చదివితే మిగతా దారులు మూసుకుపోవని పిల్లలకు నమ్మకం కలగాలి.

ఇక మూడో అమ్మాయి మాట మిగిలింది. పెడితే అందరికీ పెట్టాలన్న మాట. గాంధీ కోరిందీ అదే, కొఠారీ కమిషన్ రాసిందీ అదే. అమలు దగ్గరికి వచ్చేసరికి పార పల్లె బడికి, ఆశ్రమ బడికి మాత్రమే దిగింది. రోజూ అన్నం తినే పట్నం పిల్లవాడికి అన్నం ఎట్లా పండుతుందో తెలియాల్సిన అవసరం లేదా? ఈ ప్రశ్నను మనం టీచర్ల సమావేశాల్లో, పాఠ్యపుస్తకాల సలహాలు అడిగినప్పుడు గట్టిగా అడగాలి. వ్యవసాయం ఆదివాసి పిల్లలకు సరిపోయే చదువు అని ఎవరైనా అంటే అక్కడే ఆపి, మీ పిల్లల బడిలో పెట్టారా అని అడగాలి.

దండారి అయిపోయాక పిల్లలు వెళ్ళిపోయారు. మరుసటి వారం నేను ఎనిమిదో తరగతి లెక్కల క్లాసులో సైకిలు లెక్క వదిలేసి పత్తి తేమ లెక్క బోర్డు మీద రాశాను. వెనక బెంచీ పిల్లవాడు, ఎప్పుడూ నోరు తెరవనివాడు, లేచి నిలబడ్డాడు. "సార్, మా బాపుకు తేమ పద్నాలుగని చెప్పి వాపస్ పంపిండ్రు. మేము రెండు దినాలు ఆరబెట్టినం. మళ్ల పోతే పది వచ్చింది" అన్నాడు. వచ్చి బోర్డు మీద ఎంత కోత పడుతుందో తనే లెక్క కట్టాడు. సరిగ్గా కట్టాడు.